కార్డులు కొనిపెట్టే ముందు: పిట్స్‌బర్గ్ పెదనాన్న రాసిన లేఖ

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

తొమ్మిదేళ్ల మన మనవడు బడిలో స్నేహితుల దగ్గర బేస్‌బాల్ కార్డులు చూసివచ్చి తనకూ కావాలని పట్టుబడుతున్నాడని, ఆ డబ్బు కార్డులకు పెట్టడం మంచిదా, లేక వాణ్ణి స్టేడియానికి తీసుకువెళ్లడం మంచిదా అని నువ్వు అడిగావు. ఫోనులో తెగే మాట కాదు కనుక నింపాదిగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండూ చేయండి, కానీ కార్డు వాణ్ణి ఆట దగ్గరికి తీసుకువెళ్లేదిగా ఉండాలి. ధర కోసమే కార్డు చూడడం అలవాటైతే వాడికి ఆటా దక్కదు, కార్డులు పోగుచేయడంలో ఉండే ఆనందమూ దక్కదు.

నేను ఈ ఊరికి వచ్చింది ఎనభైల చివర్లో. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నాబోటివాళ్లకు బేస్‌బాల్ నేర్పింది టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాళ్లు కాదు, కార్డుల వెనకవైపు ఉండే అంకెలు. 1987లో టాప్స్ అనే కార్డుల కంపెనీ వేసిన సెట్టునే తీసుకో. మొత్తం 792 కార్డులు. ప్యాకెట్టుకు 17 కార్డులూ ఒక చూయింగ్ గమ్ బిళ్లా కలిపి 40 సెంట్లు. కార్డు ముందువైపు ఆటగాడి బొమ్మ చుట్టూ అంచు చెక్కపలకలా ముద్రించి ఉంటుంది. వెనక్కి తిప్పితే ముతక బూడిదరంగు అట్ట మీద పసుపు, నీలం రంగుల్లో అతని ఎత్తు, బరువు, ఏ ఏడు ఏ జట్టుకు ఎలా ఆడాడో చీమల బారులాంటి చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. గమ్ బిళ్లకు ఆనుకుని ఉన్న కార్డు మీద దాని మరక ఉండిపోయేది. ఆ సెట్టులో 320వ కార్డు బ్యారీ బాండ్స్‌ది. తర్వాతి కాలంలో 762 హోమ్ రన్‌లు (మన క్రికెట్ సిక్సర్ల లాంటివి) కొట్టి, నేటికీ ఎవరూ దాటని లెక్క నిలిపిన మనిషి ఆయన. ఆ కార్డు వెనక మాత్రం 1986లో మా ఊరి జట్టు పైరేట్స్‌కు ఆడి .223 సగటు (అంటే వెయ్యిసార్లలో 223 సార్లే హిట్ కొట్టాడని), 16 హోమ్ రన్‌లు అని ఉంటుంది. బేస్‌బాల్‌లో చాలా బాగా ఆడేవాడు కూడా పదిసార్లలో ఏడుసార్లు విఫలమవుతాడనీ, మొదటి ఏడాది అంతకన్నా తక్కువ చేసినవాడు ఎంతవాడైనా కావచ్చుననీ నాకు మొదట తెలిసింది అలాంటి అట్టముక్కల వల్లనే.

అయితే ఆ సెట్టులో అసలు విలువ బాండ్స్ కార్డుది కాదని నేను గట్టిగా నమ్ముతాను. 792 కార్డులు నింపాలంటే గొప్పవాళ్లు ఒక్కరే సరిపోరు. ఎప్పుడో ఒకసారి ఆడే రెండో క్యాచర్, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చి ఇద్దరు ముగ్గురికి బంతి వేసి వెళ్లిపోయే పిచర్, మూడు జట్లు మారి నాలుగో జట్టులో చోటు వెతుక్కుంటున్న ముప్పై అయిదేళ్లవాడు, ఇలాంటివాళ్లందరికీ అందులో చోటు ఉండేది. సెట్టు పూర్తి చేయాలన్న పట్టుదల వల్ల వాళ్ల కార్డు కోసం కూడా పిల్లలు తమ దగ్గర రెండేసి ఉన్నవి ఇచ్చి మారకం చేసుకునేవారు. పెళ్లికి వెళ్లేముందే చుట్టాల పేర్లూ వరసలూ తెలిసినట్టు, మైదానంలోకి ఎవరు దిగినా ఎరిగినవాడే అనిపించేది. ఈనాటి అభిమానంలో నాకు తగ్గినట్టు కనిపించేది ఇదే.

ఈనాటి అభిమానాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. 2023లో పిచర్‌కు గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే ఇప్పటి నియమం ప్రకారం 18 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. అంతకుముందు ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట సగటున మూడు గంటల నాలుగు నిమిషాలు సాగితే, ఆ ఏడాది రెండు గంటల 40 నిమిషాలకు దిగింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు నిద్ర ముంచుకురాకుండా చివరిదాకా కూర్చోగలడంటే ఆ మార్పు పుణ్యమే. 2015 నుంచి ప్రతి స్టేడియంలో కెమెరాలూ రాడార్లూ పెట్టి బంతి బ్యాటు నుంచి ఎంత వేగంతో వెళ్లిందో, ఫీల్డర్ ఎంత దూరం పరుగెత్తాడో కొలుస్తున్నారు; లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకు అది పండగ.

కానీ చూడడం మాత్రం ముక్కలైపోయింది. ఒకరోజు ఆట ఒక యాప్‌లో, మరొకరోజు ఆట మరొక చందా కింద వస్తుంది. లీగు వారి చందా ప్యాకేజీ దూరాన ఉన్నవాడికి వరమే కానీ, సొంత ఊరి జట్టు ఆటలు అందులో రానివ్వకపోవడం ఊళ్లో ఉన్నవాడికి శిక్ష అయింది. దాంతో చాలామంది పిల్లలు ఆట చూడడం మాని, ఫోనులో అరనిమిషం తునకలుగా హోమ్ రన్‌లు మాత్రమే చూస్తున్నారు. ఏడాదికి 162 ఆటలు ఆడే లీగులో అభిమానం అలా పెరగదు. ఏమీ జరగని నాలుగో ఇన్నింగ్స్‌ను కూడా ఓపికగా చూసినవాడికే తొమ్మిదో ఇన్నింగ్స్ రుచి తెలుస్తుంది. దానికి తోడు 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రాల్లో పందేలకు తలుపులు తెరుచుకుని, ప్రతి ప్రసారంలోనూ వాటి ప్రకటనలే. మన పైరేట్స్‌లోనే ఉండి, గాయంతో ఆడకుండా ఉన్న రోజుల్లో తన జట్టు ఆటల మీదే పందెం కాసిన టుకుపీటా మార్కానోను 2024లో జీవితకాలం నిషేధించారు. పిల్లవాడు చూస్తున్నప్పుడు ఆ ప్రకటనలు వస్తే ఊరుకోకు. అదేమిటో, ఎందుకు వద్దో వాడికి విడమరచి చెప్పు.

కార్డుల సంగతీ ఇప్పుడు ఇంచుమించు అలాగే ఉంది. పిచర్ పాల్ స్కీన్స్ మన జట్టుకు 2024 మేలో తొలి ఆట ఆడినప్పుడు అతని చొక్కా మీద ఉన్న గుర్తును కత్తిరించి, సంతకంతో ఒకే ఒక్క కార్డులో అమర్చారు. లాస్ ఏంజెలస్ వైపు పదకొండేళ్ల పిల్లవాడికి క్రిస్మస్ కానుకగా వచ్చిన కార్డుల్లో అది దొరికింది. దానికి బదులుగా బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక రెండు సీట్లు 30 ఏళ్లపాటు ఇస్తామని పైరేట్స్ ముందుకొచ్చారు. ఆ కుటుంబం వేలానికే పెట్టింది. 2025 మార్చిలో అది 11 లక్షల డాలర్లకు పైగా పలికింది. వాళ్లను నేను తప్పుపట్టను, ఎవరి అవసరాలు వారివి. కానీ ఆ వార్త విన్న ప్రతి పిల్లవాడూ ప్యాకెట్టు చింపగానే ఆటగాడి మొహం చూడడం లేదు. అంచు బంగారు రంగులో ఉందా, అరుదైనదని చెప్పే సంఖ్య మూల మీద వేసి ఉందా అని చూసి, లేకపోతే మిగిలిన కార్డులు బల్ల మీదే వదిలేస్తున్నాడు. నా మనసు నొచ్చుకునేది అక్కడే. ఆ వదిలేసిన కార్డులలోనే లీగు అంతా ఉంది.

కాబట్టి కొన్ని విషయాల్లో గట్టిగా ఉండు. ఇంటర్నెట్‌లో ఎవరో డబ్బాలు తెరుస్తూ ఉంటే ముందే ఒక జట్టు పేరు మీద డబ్బు కట్టి, ఆ జట్టు కార్డులు ఏవి వస్తే అవి మనవని కూర్చునే పద్ధతి ఒకటి వచ్చింది. అది పిల్లలున్న ఇంట్లోకి రానివ్వకు. ప్యాకెట్టు తెరిచే సంబరం కూడా మరొకడికి ఇచ్చేసి, మిగిలిన పందెం ఒక్కటే మనం ఉంచుకోవడం అది. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసే కంపెనీకి పంపి పదికి ఇన్ని మార్కులని వేయించి ప్లాస్టిక్ పెట్టెలో బిగించడం పెద్దల వ్యాపారం. పిల్లవాడి కార్డు వాడి చేతిలో తిరగాలి. పెద్దయ్యాక చదువుకు పనికొస్తాయన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. ఎనభైల చివర్లోనూ తొంభైల మొదట్లోనూ ఆ ఆశతోనే ఇక్కడ కుటుంబాలు గ్యారేజీల నిండా డబ్బాలు దాచాయి. కంపెనీలు అంతూపొంతూ లేకుండా అచ్చువేశాయి. నేను పైన చెప్పిన 1987 సెట్టు మొత్తం ఈనాటికీ ఒక కుటుంబం హోటల్లో భోంచేసే ఖర్చు కంటే తక్కువకే దొరుకుతుంది. పాతతరం ఆటగాడు మికీ మ్యాంటిల్‌ది 1952 నాటి కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికిందంటే, అమ్ముడుపోని ఆ కార్డుల డబ్బాలను కంపెనీయే సముద్రంలో పారవేయించడం వల్ల మిగిలినవి తక్కువ. అలా జరుగుతుందని ఎదురుచూసి ఎవరూ కొనలేదు.

ఇక చేయవలసింది. వాడికి నింపవలసిన ఖాళీ ఒకటి చూపించు. ఈ ఏడాది పైరేట్స్ ఆటగాళ్ల కార్డులన్నీ అని పెట్టుకోవచ్చు. లేదా 1987 సెట్టును చేతితో ఒక్కొక్కటిగా కూర్చవచ్చు. సెట్టు మొత్తం ఒకేసారి కొనిపెట్టకు. లేని కార్డుల నంబర్లు వాడే స్వయంగా కాగితం మీద రాసుకోవాలి, దొరికినప్పుడు వాడే కొట్టివేయాలి. కార్డుల సంతలలో ఒక్కోటి పది సెంట్లకో పావు డాలరుకో ఏరుకునే డబ్బాలు బల్లల కింద ఉంటాయి. గాజుపెట్టెల దగ్గర ఆగకుండా నేరుగా అక్కడ కూర్చోబెట్టు. తొమ్మిది అరల ప్లాస్టిక్ కాగితాలు, ఒక లావుపాటి ఫైలు చాలు. పుటలో మధ్య అర ఒకటి ఖాళీగా ఉంటే పిల్లవాడు ఎలా తపించిపోతాడో నువ్వే చూస్తావు.

ఆటకు వెళ్లేరోజు పొద్దున ఆ రెండు జట్లలో ఆరంభంలో ఆడే వాళ్ల కార్డులు వాడి చేత ఏరించి, వెనకవైపు చదివించు. స్కీన్స్ 2025లో మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు; ఆ ఏడు అతని సగటు 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లకు రెండు పరుగులైనా ఇవ్వలేదు, కానీ గెలుపోటములు చూస్తే పదీ పదీ. ఇంత బాగా బంతి వేసినవాడు పది ఆటలు ఎందుకు ఓడాడని వాణ్ణి అడుగు, జవాబు మాత్రం నువ్వు చెప్పకు. ఆ రాత్రి మన బ్యాటర్లు వరసగా అవుటవుతుంటే వాడికే తెలుస్తుంది. స్టేడియంలో స్కోరు రాసే కాగితం, పెన్సిలు వాడి చేతికి ఇవ్వు. మొదట తప్పులు రాస్తాడు, దిద్దకు. తొమ్మిది ఇన్నింగ్స్‌లు రాసిన పిల్లవాడు ఫోను అడగడు.

వంతెన మీద నడుచుకుంటూ వెళ్లండి. ఆటరోజుల్లో దాని మీదికి బండ్లు రానివ్వరు. దాని పేరు రొబెర్టో క్లెమెంటే వంతెన. ఆయన కార్డు ఒకటి, మూలలు అరిగిపోయినదైనా సరే, వాడికి నేనే ఇస్తాను. నా దగ్గర ఉన్న 1968 కార్డు మీద పేరు బాబ్ క్లెమెంటే అని ఉంటుంది. తన పేరు రొబెర్టో అని ఆయన చెబుతూనే ఉన్నా కార్డుల మీద ఏళ్ల తరబడి అలాగే వేశారు. ఆఫీసుల్లో మన పేర్లను సగానికి కోసి పిలిచిన రోజుల్లో అది చూసి నాకు ఆయన మీద మరింత ఆత్మీయత కలిగింది. 18 ఏళ్లు ఒక్క పైరేట్స్‌కే ఆడి, సరిగ్గా 3000 హిట్‌లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకువెళుతూ విమానం కూలి చనిపోయాడు. 2025లో కుడివైపు గోడ మీద ఆయన 21వ నంబరు గుర్తు ఉన్న చోట ఒక ప్రకటన పెడితే, ఆయన కుటుంబమూ ఊరి జనమూ ఊరుకోలేదు. జట్టు క్షమాపణ చెప్పి గుర్తును తిరిగి పెట్టింది. ఈ కాలపు అభిమానం పలచబడిందని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోకపోవడానికి అదొక కారణం.

జట్టు ఓడుతుంది, ఆ మాట వాడికి ముందే చెప్పు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 ఏళ్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా చూశాం. 2015 తర్వాత 2025 దాకా ప్లేఆఫ్‌లు లేవు. గెలిచే జట్టును వెతుక్కుంటూ పోనివ్వకు, ఊరి జట్టునే అంటిపెట్టుకోనివ్వు.

ఏప్రిల్‌లో ఇక్కడ రాత్రిళ్లు నది గాలికి వణుకు పుడుతుంది కనుక మొదటిసారి మధ్యాహ్నపు ఆటకే టిక్కెట్లు తీసుకో. రోజు ఖాయం కాగానే నాకు చెబితే నేనూ మీ పెద్దమ్మా వస్తాం. వాడి జాబితాలో లేని నంబర్లేమిటో ఈలోగా రాసి పంపించమను, నా దగ్గర రెండేసి ఉన్నవి ఏరి ఉంచుతాను. ఊరికే ఇవ్వను, మారకానికి తన దగ్గర రెండేసి ఉన్నవి తెచ్చుకోమను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న