జేక్యూ ఫిల్టర్‌లోకి షెల్ వేరియబుల్ పంపడం ఎలా?

జేక్యూ అంటే జేసన్ డేటాలోంచి కావలసింది ఏరి ఇచ్చే కమాండ్ టూల్, ఏం ఏరాలో దానికి చెప్పే రాతే ఫిల్టర్. సింగిల్ కోట్స్‌లో రాసిన జేక్యూ ఫిల్టర్‌లో డాలర్ యూజర్ అని పెడితే షెల్ వేరియబుల్ విలువ రావట్లేదు, డబుల్ కోట్స్‌లోకి మార్చేయనా అని అడిగారు. వద్దండీ. మార్చగానే పనిచేస్తుంది, అసలు చిక్కంతా అదే. అప్పుడు షెల్ ఆ విలువను నేరుగా ఫిల్టర్ రాతలోనే అతికిస్తుంది, రేపు ఆ యూజర్ పేరులోనే ఒక డబుల్ కోట్ వచ్చిందంటే ఫిల్టర్ అక్కడే విరుగుతుంది. ఎవరైనా కావాలని కోట్ మూసి, పక్కనే 'ఆర్ ట్రూ' తగిలించి పంపితే అన్ని రికార్డులూ బయటికొచ్చేస్తాయి. సింగిల్ కోట్స్‌ని మధ్యలో మూసి, వేరియబుల్ ఇరికించి, మళ్లీ తెరవమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదీ ఇదే రోగం, పైగా చదవడానికి నరకం.

ఫిల్టర్‌ని సింగిల్ కోట్స్‌లోనే ఉంచండి. ముందు ఆర్గ్ ఆప్షన్ (హైఫన్ హైఫన్ ఆర్గ్), తర్వాత ఒక పేరు, ఆ తర్వాత డబుల్ కోట్స్‌లో మీ షెల్ వేరియబుల్ ఇవ్వండి. ఫిల్టర్ లోపల ఆ పేరుకు ముందు డాలర్ పెట్టి వాడుకోండి. దాని చుట్టూ మళ్లీ కోట్స్ పెట్టారో, జేక్యూ దాన్ని ఉత్త అక్షరాలుగానే చూస్తుంది.

అయితే ఆర్గ్‌లో ఒక గొయ్యి ఉంది. దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. మా టీమ్‌కి వారసత్వంగా వచ్చిన స్క్రిప్టొకటి పాత బ్యాకప్‌లను తీసేయాలి. ఫైలు వయసు డాలర్ డేస్ కంటే ఎక్కువైతే ఎంచుకోమని ఫిల్టర్, డేస్‌కి 30 ఆర్గ్‌తోనే పంపారు. ఓ రాత్రి డిస్క్ నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. లాగ్ తీస్తే స్క్రిప్ట్ రోజూ శుభ్రంగా నడిచింది, ఎర్రర్ లేదు, ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే అంతా సవ్యమే అన్నట్టు. ఒక్క ఫైలు కూడా పోలేదు. ఎందుకంటే ఆర్గ్ ఏది పంపినా స్ట్రింగే. జేక్యూ లెక్కలో ఏ నంబరైనా ఏ స్ట్రింగ్ కంటేనైనా చిన్నదే, కాబట్టి 400 రోజుల ఫైలు కూడా స్ట్రింగ్‌గా వచ్చిన 30ని దాటదు. ఆర్గ్ తీసి, విలువను జేసన్‌గా చదివి నంబర్‌ని నంబర్‌గానే ఉంచే ఆర్గ్‌జేసన్ పెట్టగానే పాత ఫైళ్ల జాబితా బారుగా దిగింది. ఫిల్టర్‌లో 'ఎక్కువ' బదులు 'తక్కువ' ఉండుంటే ఉన్న బ్యాకప్‌లన్నీ తుడిచిపెట్టుకుపోయేవి! నంబర్నీ స్ట్రింగ్‌నీ పోల్చమంటే ఏ టూలైనా ఎర్రర్ ఇచ్చి ఆగాలి, ఇలా నోరు మూసుకుని ముందుకెళ్లడం నాకు అస్సలు నచ్చదు.

టెక్స్ట్‌ని లైను లైనుగా ప్రాసెస్ చేసే ఆక్ అనే టూల్‌తోనూ ఇలాంటి తంటాయే. వేరియబుల్ ఇచ్చే హైఫన్ వీ ఆప్షన్‌తో పంపిన విలువలో బ్యాక్‌స్లాష్ ఎన్ ఉంటే అది కొత్త లైనైపోతుంది. ఫైల్ పాత్‌లు, రెజెక్స్‌లు (వెతికే నమూనాలు) పంపేటప్పుడు షెల్‌లో వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆక్ లోపల ఎన్విరాన్ అనే అరే నుంచి తీసుకోండి, అక్కడ బ్యాక్‌స్లాష్ జోలికి ఆక్ వెళ్లదు.