36వ వారంలో పొట్ట గట్టిపడుతోంది, ఇవి నొప్పులేనా అంటే

36 వారాలు నిండాయి, మొదటి కాన్పు, పొట్ట అప్పుడప్పుడూ రాయిలా గట్టిపడుతోంది, ఇవి నొప్పులేనా, ఈ చివరి వారాల్లో ఇంకా ఏమేం ఉంటాయి అని అడిగారు. ఇదే టెన్షన్‌తో నేను 38వ వారంలో అర్ధరాత్రి బ్యాగుతో ఆసుపత్రికి పరుగెత్తి, తెల్లారేసరికి అదే బ్యాగుతో ఇంటికొచ్చాను. దొంగ నొప్పులట. నర్సు ఏమీ అనలేదు, నాకే సిగ్గేసింది. అనవసరంగా సిగ్గుపడ్డాను, మీరు పడకండి.

నొప్పి ఎంత గట్టిగా ఉందన్నదాని కన్నా ఎంత క్రమంగా వస్తోందన్నది చూసుకోండి. దొంగ నొప్పి ఒకటి పది నిమిషాలకొస్తే ఇంకోటి నలభై నిమిషాలకొస్తుంది, కాసేపు నడిచినా, పక్కకి తిరిగి పడుకున్నా, నీళ్లు తాగినా చాలావరకు సర్దుకుంటుంది. అసలు నొప్పులు ఏం చేసినా ఆగవు, రానురాను దగ్గరవుతూ, బలం పెరుగుతూ వస్తాయి. రెండోసారి మా ఆయన ఫోన్లో టైమ్ రాస్తూ కూర్చున్నారు, 12 నిమిషాలు, 9, 8, 6... నేను మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి మంచం అంచు పట్టుకోవడం చూసి "ఇక లే, బయల్దేరదాం" అన్నారు. ఐదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం చొప్పున గంటసేపు వస్తే రమ్మని మా డాక్టర్ చెప్పారు, దూరమైతే ఇంకా ముందే. అయితే మీకింకా 37 నిండలేదు కాబట్టి, క్రమంగా వస్తున్నాయనిపిస్తే గంట లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే ఫోన్ చేయండి.

ఇక పొట్ట కిందికి జారుతుంది. ఊపిరి హాయిగా ఆడుతుంది కానీ బాత్రూమ్‌కి తిరగడంతోనే రాత్రి గడిచిపోతుంది. జిగటగా, కాస్త ఎర్రటి చారలతో తెల్లబట్ట పడొచ్చు, అది పడ్డాక అదే రోజు నొప్పులు రావచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. రక్తం ధారగా పోతే మాత్రం అది వేరే సంగతి, వెంటనే వెళ్లాలి. ఉమ్మనీరు సినిమాల్లోలాగా ఒక్కసారిగా పోతుందనుకున్నాను, నాకు నొప్పులు మొదలయ్యాక సన్నగా కారింది, మూత్రమేమో అనుకున్నాను కూడా. నొప్పులు లేకుండా నీరు పోయినా ఫోన్ చేయండి, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే అస్సలు ఆగొద్దు.

ఒక మాట మాత్రం నమ్మకండి. "ఆఖర్లో చోటుండదు కదా, బిడ్డ కదలడం తగ్గుతుంది" అని నాకు కనీసం ముగ్గురు చెప్పారు. తప్పు. తన్నులు దొర్లుతున్నట్టుగా మారొచ్చు, అంతే. మీకు అలవాటైన కదలిక తగ్గిందనిపిస్తే, పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పుడే వెళ్లండి. విడవని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం, పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏదొచ్చినా అంతే, బీపీ వల్ల కావచ్చు. సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం మామూలే. అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే మాత్రం డాక్టర్‌కి చెప్పండి, అది లివర్‌కి సంబంధించింది కావచ్చు.

డ్యూ డేట్‌ని ముహూర్తంలా చూడకండి. సరిగ్గా ఆ రోజే కాన్పయ్యేది సుమారు ఇరవై మందిలో ఒకరికే. నాకు ఐదు రోజులు దాటింది. ఆ ఐదు రోజులూ "ఇంకా కాలేదా" అంటూ ఒకటే ఫోన్లు, నాలుగో రోజుకి ఫోన్ మా ఆయన చేతిలో పెట్టేసి పడుకున్నాను.