మిగ్ కడుపులో గలగల

జయపురం

చిరంజీవి చిన్నాకు మీ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నువ్వు మిగ్-21 ప్లాస్టిక్ నమూనా పెట్టె తెప్పించుకుంటున్నావని చెప్పింది. "వీడికి ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చింది మామయ్యా?" అని అడిగింది. ఏమీ ఎరగనట్టు "ఏమోనమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్‌లకు వీడ్కోలు చెప్పడం నువ్వూ టీవీలో చూశావట. 1963లో మన వాయుసేనలోకి వచ్చిన విమానం అది. మిగ్‌లకు ఇంజిన్లు తయారుచేయడానికే ఒడిశాలోని మా సునాబెడా కర్మాగారం పుట్టింది. ఒళ్లు నాసిక్‌లో, గుండె సునాబెడాలో అనుకునేవాళ్లం మేము. ఆ గుండెల్లో కొన్నిటికి ఈ చేతులే బోల్టులు బిగించాయి. నువ్వు ఏ కారో, ఓడో కాకుండా దాన్నే ఎంచుకున్నావంటే సంతోషమే. భయమూ ఉంది. రెండూ ఉన్నాయి కనుకనే ఫోనులో చెప్పకుండా కాగితం తీసుకున్నాను.

పెట్టె రాగానే జిగురు సీసా మూత తీయకు. నీ తొందర నాకు తెలుసు. సైకిల్ నేర్చుకున్న రోజునే ఎవరికీ చెప్పకుండా రాయగడ స్టేషను దాకా వెళ్లినవాడివి. ముందు లెక్క. ముక్కలన్నీ చట్రానికి అంటుకుని, కొమ్మకు పిందెల్లా ఉంటాయి. పక్కన అంకెలుంటాయి. ఒక్కొక్కటీ చూసి కాగితం మీద రాసుకో. రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి లెక్కపెట్టు. నవ్వకు. కర్మాగారంలో మా షాపులో గోడకు ఒక బోర్డు ఉండేది. ప్రతి స్పానరు ఆకారమూ దాని మీద గీసి ఉండేది. సాయంత్రం ఒక్క గీత లోపల పనిముట్టు లేకపోయినా ఇంటికి వెళ్లే మాట లేదు, ఇంట్లో పెళ్లి ఉన్నా సరే. ఇంజిన్ లోపల ఒక్క వాషరు ఉండిపోతే, అది తిరగడం మొదలయ్యాక కంప్రెసర్ రెక్కల్ని నమిలేస్తుంది. అప్పుడు పైలట్ ఎక్కడ ఉంటాడో ఎవరు చెప్పగలరు? ముప్ఫై ఆరేళ్లు ఆ భయంతో పనిచేశాను. ఇప్పటికీ మా పనిమనిషి గిన్నెలు తోమి బోర్లిస్తే చెంచాలు లెక్కపెడుతుంటాను. ఆవిడ నొచ్చుకుంటుందని తెలుసు. అయినా చెయ్యి ఆగదు.

బ్లేడులు కూడా లెక్కలోకే వస్తాయి. సన్నటి బ్లేడు మొన నొక్కేటప్పుడు పుటుక్కున విరిగి ఎగురుతుంది. ఎక్కడ పడిందో కనబడదు. మీ అక్క పాప ఇప్పుడు మీ ఇంట్లోనే పాకుతోంది కదా, దాని అరచేతులు గుర్తుపెట్టుకో. మొన విరిగితే ఆ పూట నమూనా పని లేదు. అయస్కాంతం తీసుకుని ఆ ముక్క దొరికే దాకా నేల వెతకడమే పని. కళ్లద్దాలు పెట్టుకో. రంగులో కలిపే థిన్నరు కిటికీ తెరిచిన గదిలోనే వాడు. మీ అమ్మ దీపం పెట్టే చోటికి దూరంగా ఉంచు.

ఇక మిగతాది. ముక్కల్ని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టు, లేకపోతే అచ్చు జిడ్డు వల్ల రంగు పట్టదు. మెలిపెట్టి విరవకుండా కటింగ్ ప్లేయరుతో కొయ్యి. జిగురు పెట్టకుండా ఒకసారి అమర్చి చూడు. పల్చటి జిగురైతే కుంచె మొన సందుకు తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. అతుకు గీత కనబడకుండా ఎమరీ కాగితం తడిపి రుద్దు. మిగ్ రెక్కలు చివరలకు పోయేకొద్దీ కాస్త కిందికి వాలతాయి, పైకి లేపి అతికించావా నా కంటికి చిక్కుతావు. నీ పెట్టె 1/72 అని, అంటే అసలు విమానంలో డెబ్భై రెండో వంతని, మీ అమ్మ చెప్పింది. ఏడు మీటర్ల రెక్కల వెడల్పు పది సెంటీమీటర్లకు ఒక పిసరు తక్కువగా వస్తుంది. అరచేతిలో పట్టేస్తుంది. అందుకే పొరపాట్లు కూడా అరచేతిలోనే జరుగుతాయి.

ఒక పొరపాటు సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1986 డిసెంబరు. మాస్కోకు శిక్షణకు వెళ్లి వచ్చిన తోటి ఫిట్టరు ఒకతను నాకొక పెట్టె తెచ్చి ఇచ్చాడు. రష్యన్ అక్షరాలు, లోపల మిగ్. మీ నాన్నకు అప్పుడు పదేళ్లు. క్వార్టర్సులో గచ్చు నేల మంచుగడ్డలా ఉండేది. కుంపటి పక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. నేను అంకె చెబితే వాడు ముక్క వెతికి అందించేవాడు. నేను "శెభాష్ ఫిట్టరూ" అనేవాడిని. ఆ మాటకు వాడి మొహం ఎలా వెలిగేదో నీకు ఎలా చెప్పను! మీ నాన్న మొహంలో అలాంటి వెలుగు నువ్వు చూసి ఉండవు.

ముక్కుకు బరువు వేయాలి. వేయకపోతే విమానం తోక మీద కూలబడుతుంది. ముక్కులోని శంకువులో సీసం గుండ్లు పోసి జిగురు పెట్టాను, చేపల గాలాలకు కట్టేవి. ఇంతవరకు బాగానే ఉంది. విమానం ఒంటిని నిలువునా రెండు చెక్కలుగా ఇస్తారు. ఒక చెక్క వెల్లకిలా పెడితే దోనెలా ఉంటుంది. కోసిన చిన్న ముక్కలు దొర్లిపోకుండా నేను అందులో వేసుకున్నాను. పక్కన స్టీలు పళ్లెం ఉండగానే! షాపులో ఎవడైనా తెరిచిన ఇంజిన్ కేసింగులో నట్టు పెడితే వాడి చెయ్యి విరగ్గొట్టేవాడిని. ఇంట్లో నేనే ఆ పని చేశాను. ఇంతలో కరెంటు పోయింది. పది గంటలకు నాకు రాత్రి షిఫ్టు. మీ నాన్నమ్మ లాంతరు తెచ్చింది. ఆ వెలుగులోనే ముక్కలన్నీ ఏరి పళ్లెంలో వేశాననుకుని, రెండో చెక్క మూసి, బట్టల క్లిప్పులు పెట్టి వెళ్లిపోయాను. లెక్క చూడలేదు.

మర్నాడు చూస్తే ముందు చక్రం కాలు లేదు. మీ నాన్నను అడిగాను. "నేను తీయలేదు నాన్నా" అన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. కొట్టాను. రాత్రంతా షిఫ్టు చేసి వచ్చానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. మంచం కింద, బీరువా కింద టార్చి పట్టుకుని ఆ చల్లటి గచ్చు మీద వాడి చేత పాకించాను. మీ నాన్నమ్మ గుమ్మంలో నిలబడి "వాడు అబద్ధం ఆడడండీ" అంది. వినలేదు. చివరికి అగ్గిపుల్ల విరిచి ముందు కాలుగా అతికించి, విమానాన్ని బీరువా మీద పెట్టాను. వాడు మళ్లీ ఎప్పుడూ నా బల్ల దగ్గర కూర్చోలేదు. తరవాత బ్యాంకు ఉద్యోగంలో చేరాడు, మంచిదే. కానీ పనిముట్టు పట్టడు. మీ ఇంట్లో కుళాయి వాషరు పోతే ప్లంబరు కోసం రెండు రోజులు చూసే మనిషి వాడు.

దుమ్ము తుడిచినప్పుడల్లా దాని కడుపులో గలగలమనేది. సీసం గుండు ఊడిందనుకునేవాడిని. చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పగలనని షాపులో నాకు పేరుండేది.

2005లో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేస్తూ దాన్ని గడ్డిలో చుట్టబోతే మళ్లీ గలగలమంది. ఎందుకో ఆ రోజు ఊరుకోలేకపోయాను. అతుకు వెంట బ్లేడు పెట్టాను. పాత జిగురు, తేలిగ్గా విచ్చుకుంది. సీసం గుండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా అరచేతిలో పడింది చక్రం కాలు.

మీ నాన్నమ్మ చూసింది. ఏమీ అనలేదు. కాసేపటికి "వాడికి చెప్పండి" అంది. చెబుతానన్నాను. ఆవిడ పోయి నాలుగేళ్లు. ఇంకా చెప్పలేదు.

పని దగ్గరికి వస్తాను. కాక్‌పిట్ పైన ఉండే అద్దం మూతకు సూపర్ గ్లూ తాకనివ్వకు. దాని ఆవిరికి అద్దం తెల్లగా పొగచూరుతుంది. ఫెవికాల్ చాలు, ఆరాక కనబడదు. వాన ముసురు పట్టిన రోజున రంగు స్ప్రే చేయకు, పాలు పోసినట్టు తెల్లబారుతుంది. నీటిలో నానబెట్టి అంటించే గుర్తులకు ముందు నిగనిగలాడే వార్నిషు ఒక పూత వెయ్యి. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది.

1971 యుద్ధం నాటి మిగ్ చేస్తున్నావట. అయితే అది ఎఫ్ఎల్ రకం. దాని ఒంట్లో తుపాకీ లేదు, బొడ్డు కింద 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల తుపాకీ పెట్టె తగిలించేవారు. పెట్టెలో ఆ ముక్క ఉంటే వదలకు. ఆ డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం మీద మిగ్‌లు రాకెట్లు వేశాయని తెలిసినప్పుడు మేమంతా రేడియో చుట్టూ ఉన్నాం. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కుర్రాణ్ని. నేను బిగించిన బోల్టు అక్కడ ఉందో లేదో నాకేమీ తెలియదు, అయినా చొక్కా కాలరు సవరించుకున్నాను. రంగు గురించి ఎవరితోనూ వాదించకు. యుద్ధం వచ్చిందని వెండి ఒంటి మీద హడావిడిగా ఆకుపచ్చ పట్టీలు పూసిన విమానాలవి, ఒకదానిలా మరొకటి ఉండేది కాదు. అంచు వంకర పోయిందని నువ్వు నాలుగోసారి తుడిచి పూస్తావు చూడు, ఆ అవసరం లేదు.

వచ్చే ఆదివారం మన వీధిలో అబ్బాయి రాయగడ వస్తున్నాడు. వాడి చేతికి కందిపప్పు, అల్లం, ఎప్పుడూ అరగని నా పాత ఆకురాయి ఇచ్చి పంపుతున్నాను. వాటితో పాటు ఒక అగ్గిపెట్టె ఉంటుంది. అందులో దూది పెట్టాను, జాగ్రత్తగా తెరువు. లోపలున్నది నీ విమానానికి సరిపోదు, అతికించే ప్రయత్నం చేయకు. మీ నాన్న బ్యాంకు నుంచి వచ్చి కాఫీ తాగాక ఆయన చేతిలో పెట్టు. ఏమిటని అడిగితే ఈ ఉత్తరం ఇవ్వు. అడక్కపోతే ఊరుకో.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: ముక్కల లెక్క రాసిన కాగితం ఫొటో తీసి నాకు పంపు. పెట్టె రాగానే పంపు, మొదలుపెట్టాక కాదు.