వాతావరణ శాఖను నడిపించాలనే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ప్రపంచ వాతావరణ సంస్థకు సెలెస్టె సౌలో అనే అర్జెంటీనా మహిళ అధిపతి అని చదివినప్పటి నుంచి తానూ వాతావరణ శాస్త్రమే చదువుతానంటోంది. బీఎస్సీలో చేర్చమంటారా? రాత్రి డ్యూటీలు ఆడపిల్లకు నప్పుతాయా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: మీ అమ్మాయి మంచి మనిషినే చూసుకుంది. సౌలో బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చదివి, అక్కడే డాక్టరేట్ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. అమెజాన్ తేమను ఆండీస్ పర్వతాల తూర్పు పక్కగా దక్షిణానికి మోసుకొచ్చే గాలులపై పరిశోధించారు. అర్జెంటీనా మైదానాల్లో కురిసే పెను వానలకు ఆ తేమే ఊపిరి. 2014లో ఆ దేశ జాతీయ వాతావరణ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 2024 జనవరి 1న ప్రపంచ వాతావరణ సంస్థ సెక్రటరీ జనరల్‌గా బాధ్యతలు చేపట్టారు. ఆ పదవిలో ఆమే తొలి మహిళ.

2018 డిసెంబరులో బ్రిటన్ జాతీయ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ పగ్గాలు అందుకున్న పెన్నీ ఎండర్స్‌బీది పూర్తిగా వేరే దారి. ఆమె రక్షణ రంగ పరిశోధన నుంచి వచ్చారు. ఇద్దరికీ పునాది మాత్రం ఒకటే: గణితం, భౌతికశాస్త్రం.

అందుకే నిశ్చింతగా బీఎస్సీలో చేర్చండి. ఫిజిక్స్ ప్రధానంగా తీసుకున్నా మ్యాథ్స్ వదలకూడదు. కోడింగ్ తప్పనిసరి. నేటి వాతావరణ సూచనలు సూపర్‌కంప్యూటర్లు సాధించే సమీకరణాల మీదే నడుస్తున్నాయి. పీజీకి మీ పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఢిల్లీ ఐఐటీలోనూ ఈ శాస్త్రానికి ప్రత్యేక కేంద్రాలున్నాయి. ఉద్యోగమంటే వాతావరణ శాఖ ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల, పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఉన్నాయి.

రాత్రి డ్యూటీల సంగతి దాచను, ఉంటాయి. తెల్లవారకముందే బెలూన్‌లో వాయువు నింపి, దాని కింద రేడియోసోండ్ అనే చిన్న కొలత పరికరం కట్టి వదలాలి. అది పైకి పోతున్నంతసేపూ ఉష్ణోగ్రత, తేమ లెక్కలు పంపుతూ ఉంటుంది. తుపాను వస్తే ఇంటి ముఖం చూడటమే కష్టం. అయితే ఇది ఆడపిల్లకు నప్పదనే మాట నేను ఒప్పుకోను. భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి 1948లో పుణెలో భారత వాతావరణ శాఖలో చేరారు. సుమారు వంద పరికరాలను మన దేశంలోనే తయారు చేసుకునేలా వాటి డ్రాయింగులను ప్రామాణికం చేశారు. డిప్యూటీ డైరెక్టర్ జనరల్ హోదాలో 1976లో పదవీ విరమణ చేశారు. 1875లో మొదలైన ఈ శాఖకు మన తెలుగువారు పి. కోటేశ్వరం కూడా అధిపతిగా పనిచేశారు. మహిళ మాత్రం ఇంతవరకు ఆ కుర్చీ ఎక్కలేదు. ఆ లోటు మీ అమ్మాయి తరంలోనైనా తీరాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంకొక మాట. అధిపతి పనిలో సగం జనంతో మాట్లాడటమే. హెచ్చరిక ఎంత కచ్చితంగా ఉన్నా, పూడిమడక మత్స్యకారుడికి అర్థం కాకపోతే పడవ సముద్రంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ఇప్పటి నుంచే ఒక అలవాటు చేయించండి. రోజూ వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ, రాడార్ చిత్రాలు చూసి, రేపు మీ ఊళ్లో వాన పడుతుందో లేదో, ఎందుకో నోటుపుస్తకంలో తేలిక తెలుగులో రాయాలి. మర్నాడు సరిచూసుకోవాలి. అంచనా తప్పిన రోజున కారణం తానే వెతుక్కుంటోందా లేదా గమనించండి. అడ్మిషన్ల వేళ వరకు ఆ పుస్తకం ఆగకుండా సాగితే, మరొకరి సలహా కోసం చూడకుండా దరఖాస్తు నింపేయండి.