మూత తీసే ముందు

అల్లుడూ,

దసరాకి వచ్చినప్పుడు మేడ మీద స్నేహితుల్ని కూర్చోబెట్టి, టీచర్స్ విస్కీ సీసా తెరిచి, స్కాచ్ ఎలా రుచి చూడాలో నేర్పిస్తావటగా. రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. నాకు భయమేసింది. గర్వంగానూ అనిపించింది. గటగటా తాగేసే వయసులో వాసన చూడాలన్న బుద్ధి పుట్టిందంటే నీకు నా ముక్కే వచ్చిందిరా.

చిన్నవి ముందు చెప్పేస్తాను. ఆవకాయ, మిక్చర్ తర్వాత తినండి. ఐస్ వద్దు, చల్లదనానికి వాసన అణిగిపోతుంది. మూతి సన్నటి గ్లాసులో 30 ఎం.ఎల్. చాలు. ముక్కు లోపల దూర్చకు, నోరు కాస్త తెరిచి మెల్లగా పీల్చు. నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూడు. ముక్కు మొద్దుబారితే నీ చొక్కా చేతిని వాసన చూడు, అత్తరు భట్టీలో మా ఉస్తాద్ నేర్పిన కిటుకు అది. బండి తాళాలు మీ అమ్మకిచ్చెయ్.

చవకదని చులకన చెయ్యకు. మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీ, వేరే ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీ కలిపితే బ్లెండ్, టీచర్స్ అలాంటిదే. స్కాట్లాండ్‌లో ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంటేనే దాన్ని స్కాచ్ అనాలి, అది అక్కడి చట్టం. టీచర్స్‌లో నీకు సన్నగా పొగ తగులుతుంది. అది ఆర్డ్‌మోర్ మాల్ట్‌ది, పీట్ అనే బురదనేల మట్టిని కాల్చి, ఆ పొగలో బార్లీ ఆరబెడతారు. మాల్ట్‌ని రాగి పాత్రల్లోనే కాచి, ఆవిరి పట్టి దించుతారు, మనం ఛత్రపురం దగ్గర మొగలి అత్తరు దించినట్టే. తెల్లవారకముందే పూలొచ్చేవి. డెగ్‌లో, అంటే రాగి కాగులో వేసి, ఆవిరి పోకుండా మూత చుట్టూ మట్టి మెత్తేవాణ్ణి. ఎక్కడ సన్నటి బీట ఉన్నా వాసనకే తెలిసిపోయేది. ఆ పొగరే నన్ను ముంచింది.

నీకు ఎవరూ చెప్పి ఉండరు. 1991లో, పెళ్లయిన తొలి దసరాకి మీ నాన్న బరంపురం వచ్చాడు. కొత్త అల్లుడికి మర్యాద చెయ్యాలని ఎవడి దగ్గరో సగం ధరకి ఫారిన్ సీసా కొన్నాను. తిప్పితే టక్కుమని విరగాల్సిన మూత చప్పుడు లేకుండా వచ్చేసింది. చూశాను. చూసి కూడా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తేనె, మాడిన పంచదార, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "నా ముక్కుని మోసం చేసేవాడు పుట్టలేదు, తీసుకోండి బావా" అన్నాను. నాకు ఆ రాత్రి భట్టీ డ్యూటీ, ముట్టలేదు.

మర్నాడు అరుగు మీద కూర్చుని మీ నాన్న, "మంచు పట్టిందేంటి ఇవాళ?" అన్నాడు. ఎండ మండిపోతోంది.

పరుగున ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంకాస్త ఆలస్యమైతే చూపు పోయేదన్నారు. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. మూడు రోజులు మంచం పక్కనే కూర్చుని, ఆయన ముఖం ముందు వేళ్లు చూపిస్తూ ఎన్ని, ఎన్ని అని అడుగుతూనే ఉంది. మరుసటి ఏడు కటక్‌లో కల్తీ సారా 200 మందికి పైగా ప్రాణాలు తీసిందని పేపర్లో చదివి, ముందున్న అన్నం తినలేకపోయాను.

కల్తీ మందులో ఉండే విషం మిథనాల్. దాన్ని ముక్కు పట్టలేదురా, నాలుకా పట్టలేదు. మామూలు మందు వాసనలో కలిసిపోతుంది. అందుకే లైసెన్సు షాపులో బిల్లుతో కొను. సీలు, హోలోగ్రామ్ వెలుతురులో చూడు. మూత వదులుగా అనిపిస్తే, ఎంత డబ్బు పెట్టినా సరే, వాసన కూడా చూడకుండా పక్కన పెట్టు. అయిపోయాక ఖాళీ సీసా పాతసామాన్ల వాడికి వెయ్యకు, గోనెసంచిలో పెట్టి పగలగొట్టు. అందులో మళ్లీ ఏం నింపుతారో తెలీదు.

మీ నాన్నకి గ్లాసు ఇవ్వకు. కానీ మేడ మీదకి పిలువు, పక్కన కూర్చోబెట్టుకో. వాసన చూస్తానంటే చూడనీ. నేను పండగ ముందురోజే వస్తాను. సీసా నాకు చూపించాకే తెరువు.

మీ మావయ్య