ఆ పేజీన్నర మళ్లీ పెట్టు

తమ్ముడూ,

నువ్వు మార్చి పంపిన కథ చదివాను. మొదట పంపినప్పుడు అందులో జాతర మర్నాటి ఘట్టం ఒకటి ఉండేది. పోతు తలకాయ ఎవరింటికి వెళ్లాలనే దగ్గర సర్పంచి కొడుక్కీ, రాత్రంతా డప్పు కొట్టిన ముసలాయనకీ మాటామాటా పెరుగుతుంది, ముసలాయన డప్పు కింద పెట్టేసి "ఇది మా తాతలనాటి లెక్క బాబూ" అంటాడు. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇప్పుడా పేజీన్నర లేదు. "ఊళ్లో ఎవరి మనోభావాలైనా దెబ్బతింటాయేమోనన్నా, నాన్న టెన్షన్ పడుతున్నాడు" అని రాశావు.

నాన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెరుమాళ్ మురుగన్ సంగతి నీకు తెలుసుగా. పిల్లల్లేని దంపతుల బాధ మీద, తిరుచెంగోడు రథోత్సవం చుట్టూ ఆయన రాసిన తమిళ నవల 2010లో వస్తే, నాలుగేళ్లు ఎవరికీ అభ్యంతరం లేదు. 2014 డిసెంబరులో ప్రతులు తగలబెట్టారు, తర్వాత ఊరు బంద్ చేశారు. 2015 జనవరిలో అధికారులు పెట్టిన శాంతి సమావేశంలో ఆయన చేత బేషరతు క్షమాపణ రాయించుకున్నారు. రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడని ఆయనే ప్రకటించుకున్నాడు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన నిలబడింది. పుస్తకం నచ్చకపోతే అవతల పారెయ్యండి, చదవమని బలవంతమేమీ లేదు కదా అంది, ఆయన్ని మళ్లీ రాసుకోమంది. ఆయన రాశాడు కూడా. కానీ తన లోపల ఇప్పుడొక సెన్సారు కూర్చున్నాడనీ, పుట్టే ప్రతి మాటనూ పరీక్షిస్తున్నాడనీ చెప్పాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే. అంత జరిగాక ఆయన లోపలికి వచ్చినవాడు, నిన్నింకా ఎవరూ పల్లెత్తు మాట అనకుండానే నీ లోపల కుర్చీ వేసుకున్నాడు.

నా సంగతీ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద నా కథ ఒకటి వారపత్రికలో వస్తే నలుగురు ఇంటికొచ్చారు. ముగ్గురు కథ చదవలేదు, అరిచారు. నాలుగో ఆయన రిటైరైన మాస్టారు, పత్రిక మడత పెట్టి తెచ్చాడు, ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత. ఒక కులవృత్తి పేరుని నేను తిట్టులా వాడాను, అదీ పాత్ర నోట కాదు, కథ చెప్పే నా నోట. "ఈ మాట పడుతూ పెరిగానండీ" అన్నాడాయన. తప్పు నాదే. పుస్తకం వేసినప్పుడు తీసేశాను. అరిచిన ముగ్గురి కోసం మాత్రం అక్షరం మార్చలేదు.

అందుకే ఎవరికి కోపమొస్తుందని కాకుండా, ఆ నొప్పి ఎవరిదని చూడు. నీ కథలో ముసలాయనకి నొప్పి తగిలితే నాకు చెప్పు, ఇద్దరం కూర్చుని మారుద్దాం. సర్పంచి కొడుక్కి చిరాకేస్తే అది అతని హక్కు, తిట్టనీ, విమర్శ రాయనీ, నువ్వు ఓపిగ్గా చదువు. ఊరి పేరు మారిస్తే మార్చు, దాని వల్ల కథకి నష్టం లేదు.

ఆ పేజీన్నర పెట్టి మళ్లీ పంపు. చివరికి ముసలాయన డప్పు తీసుకుని వెళ్లాడా, అక్కడే వదిలేశాడా అన్నది మొదటి డ్రాఫ్టులోనూ లేదు. అది కూడా రాయి.

మీ అన్న