మూడు రోజుల పెయింటింగ్ వర్క్‌షాప్‌తో సీటొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. దసరా సెలవుల్లో మూడు రోజుల పెయింటింగ్ వర్క్‌షాప్‌కి వెళ్తానంటోంది. 'ఎదురుచూపు' అన్న ఒక్క మాట ఇచ్చి బొమ్మ వేయమంటారట. చూసి వేయడానికి ఎదురుగా ఏమీ పెట్టరట. దీనివల్ల డిజైన్ సీటుకి ఉపయోగం ఉందా? అదే డబ్బు యూఐ-యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్) కోర్సుకి కడితే మంచిదేమో?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, పిల్ల చదువు వదిలేసి బొమ్మల్లో పడిపోతుందేమోనన్నదే మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. మూడు రోజుల్లో ఎంపీసీ ఎక్కడికీ పోదు, టెన్షన్ పడకండి.

సర్టిఫికెట్‌కి విలువ లేదు. ఐఐటీల వంటి చోట్ల డిజైన్ సీటు కోసం రాసే యూసీడ్‌లోనైనా, హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ (చిత్రకళ వంటి కళల డిగ్రీ) సీటుకైనా ర్యాంకు పరీక్షలోనే తెచ్చుకోవాలి. అయితే యూసీడ్ రెండో భాగంలో చేత్తో గీయాలి. కోచింగ్‌లో బట్టీపట్టిన బొమ్మ అక్కడ అందరి పేపర్లలోనూ ఒకేలా కనిపిస్తుంది.

ఇలాంటి వర్క్‌షాప్‌ ఒకదానికి నేనూ వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు మాట కూడా ఇదే. మొదటి గంటలో అందరూ గడియారం, కిటికీ, బస్టాపు వేశారు. మాస్టారు వాటిని పక్కన పెట్టించి, 'మీ ఇంట్లో ఎవరు ఎదురుచూశారు?' అని అడిగారు. ఒకమ్మాయి నవారు మంచం వేసింది, మనిషి లేకుండా. నాయనమ్మ రోజూ కూర్చునే చోట పడ్డ గుంట ఒక్కటే. ఆ బూడిదరంగు కుదరక తడిపి తడిపి కాగితం నూగు లేచిపోయింది. సాయంత్రం దాకా ఆ అమ్మాయి లేవలేదు.

అన్ని వర్క్‌షాపులూ ఇలా ఉండవు. పెద్ద మాట ఒకటి ఇచ్చి, నాలుగు రంగులు చల్లించి, దానికి అర్థం నిర్వాహకులే చెప్పేసేవీ ఉన్నాయి. ప్రసిద్ధ చిత్రకారుడు ఎస్.హెచ్. రజాకి చిన్నప్పుడు బడి పంతులు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. ఆయన 'బిందువు' కాన్వాసు మీదికి వచ్చింది ఎన్నో ఏళ్లు ప్రకృతి దృశ్యాలు వేశాకే. అందుకే చెయ్యి తిరగకముందే భావాల వెంట పరిగెత్తించే చోట్లంటే నాకు అనుమానం. మొదటి రోజు పిల్లలతో ఎంతసేపు గీయిస్తారో, మాస్టారు ఎంతసేపు మాట్లాడతారో ఫోన్ చేసి అడగండి.

యూఐ-యూఎక్స్ అంటే ఇప్పుడు అందరికీ మోజు. పదహారేళ్ల పిల్లకి ముందు కావలసింది చూసే కన్ను. సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది, డిగ్రీలో రెండు నెలల్లో నేర్చుకోవచ్చు.

ఒక్క మాట కటువుగా చెప్తాను. ఇంత రాశారు, పాప ఎందుకు వెళ్తానంటోందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి.

పంపేటప్పుడు పాత బట్టలు వేసి పంపండి. పాడైన కాగితాలు కూడా ఇంటికి తెచ్చుకోమనండి, వెనకాల తేదీ రాయించి బీరువా మీద పెట్టండి.